చార్లెస్టన్ పట్టణమును చూడవలసిన తీరు

అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణభాగమున చూడదగిన పాత పట్టణము లెవ్వి యని యడిగినచో, మొదట చెప్పబడు రెండు మూడు పేర్లలో దక్షిణ కెరొలైనా రాష్ట్రమందలి చార్లెస్టన్ ఒకటి. ఆష్లీ, కూపర్ అను రెండు నదులు సముద్రమున గలియు చోట, వాని నడుమ నాలుకవలె చాచుకొనియున్న నేలపై నీ పట్టణము వెలసియున్నది. చదువులకును ఉద్యోగములకును ఆ దేశమునకు పోయి, అట్లాంటాలోనో షార్లట్‌లోనో కాపురముండు మన తెలుగువారు సెలవుదినములలో కుటుంబసమేతముగ నచ్చటికి పోయివచ్చుచున్నారు. వచ్చినవారు చెప్పుమాట యొక్కటే: గుఱ్ఱపుబండిలో తిరిగితిమి, రంగురంగుల మేడలు చూచితిమి, సముద్రపుగట్టున ఫొటోలు తీసికొంటిమి, ఊరు మిక్కిలి చక్కగనున్నది. చక్కగనున్న మాట నిజమే. ఆ చక్కదనమునకు వెల యెవరు చెల్లించిరను ప్రశ్న మాత్రము వారి నోట వినబడదు. ఆ ప్రశ్న వేయకుండ నా పట్టణమును చూచుట, దస్తావేజు చదువక దానిపై ముద్ర యందముగనున్నదని మెచ్చుకొనుటవంటిదని మా యభిప్రాయము.

ముందుగ మెచ్చుకొనవలసినదానిని మెచ్చుకొందము. 1670లో ఇంగ్లండు రాజగు రెండవ చార్లెసు పేర స్థాపింపబడి, 1680లో ఇప్పటి చోటికి మారి, స్వాతంత్ర్యయుద్ధము ముగిసిన పిమ్మట 1783లో నేటి పేరు దాల్చిన ఈ పట్టణము తుపానులకు, అగ్నిప్రమాదములకు, ఫిరంగిగుండ్లకు, 1886 ఆగస్టు 31వ తేదీ రాత్రి వచ్చిన మహాభూకంపమునకు తాళుకొని నిలిచినది. ఆ భూకంపము తర్వాత గోడలు విచ్చిపోకుండ నొక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు ఇనుపకమ్మీలు దూర్చి వెలుపల బిళ్లలతో బిగించిరి. ఆ బిళ్లలు నేటికిని మేడల గోడలపై కనబడుచునే యున్నవి. 1920లో పురజనులు కొందఱు, సుసాన్ ప్రింగిల్ ఫ్రాస్టు అను వనిత ముందు నిలువగా, పాత యిండ్లను కూలద్రోయనీయరాదని సంఘము పెట్టుకొనిరి. 1931లో పురపాలకసంఘము ఒక ప్రాంతము నంతటిని చారిత్రక ప్రాంతముగ నేర్పఱచి, అందలి యిండ్ల వెలుపలి రూపమును అనుమతి లేనిదే మార్చరాదని శాసనము చేసెను. అమెరికాలో నట్టి శాసనములలో నిదియే మొదటిది. కోటగోడల రాళ్లను పెఱికి యింటి పునాదులకు మోసికొనిపోవుచుండగ చూచియు నూరకుండు మనవంటివారు ఈ విషయమున వారి ముందు తలవంచవలసినదే.

అయితే కాపాడినదేమి, కాపాడినదానిలో చూపినదేమి యనునది వేఱు ప్రశ్న. రమారమి ఒక శతాబ్దము కాలము ఈ పట్టణము తన యతిథులకు యజమానుల ముందుగదులను చూపినది. వెనుక పెరటిలోని పాకలను చూపలేదు.

తూర్పు బే వీథిలో బ్రాడ్ వీథి మొగదలనున్న ఎక్స్ఛేంజి భవనమును తెలుగు యాత్రికుడు ఒక పూటయైన నిలిచి చూడవలెను. ఏలయన దానికిని మనకును సంబంధము కలదు. 1771లో పూర్తియైన యీ వర్తక భవనమున 1773 డిసెంబరులో ఈస్టిండియా కంపెనీవారి తేయాకు చేరినది. పురజనులు పన్ను నొప్పుకొనక సరకును అమ్మనీయకపోగా, సుంకపుటధికారులు దానిని స్వాధీనపఱచుకొని భవనపు నేలమాళిగలో పెట్టించిరి. బోస్టనులోవలె సముద్రమున పారవేయలేదు గాన దీనికంత కీర్తి రాలేదు. కాని కొంతకాలమునకు స్వాతంత్ర్యపక్షమువారే యా తేయాకు నమ్మి తమ యుద్యమమునకు ధనము చేసికొనిరి. ఉద్యమములకు చందాలు వసూలుచేసి యెఱిగినవారికి ఈ రెండింటిలో నేది మేలైన పద్ధతియో మేము చెప్పనక్కఱలేదు. ఆ కంపెనీ మనకు క్రొత్తది కాదు. అంతకు ఎనిమిదేండ్లకు ముందు, 1765లో, మొగలు పాదుషా ఫర్మానా సంపాదించి మన ఉత్తర సర్కారులపై హక్కు పొందినది ఆ కంపెనీయే.

1780 మే 12వ తేదీన చార్లెస్టన్ ఆంగ్లసేనలకు వశమయ్యెను. దండయాత్ర నడపిన క్లింటను న్యూయార్కునకు మరలిపోవుచు దక్షిణదేశమును కారన్‌వాలిసు చేతిలో పెట్టెను. మరుసటి యేడు యార్కుటౌనులో కత్తి యప్పగించి సీమకు చేరిన యీ కారన్‌వాలిసే 1786లో గవర్నరు జనరలుగ మన నెత్తిపై కూర్చుండి, 1793లో వంగదేశమున శాశ్వత పైసలా చేసెను. ఆ పద్ధతియే 1802లో సర్కారు జిల్లాలకు దిగి, 1948 నాటి చట్టమువఱకు మన రైతు వీపుపై నుండెను. అచ్చట ఓడిపోయిన దొర యిచ్చట శాసనకర్త యయ్యెను. ఇంకొకటి గలదు. ఐజాక్ హేన్ అను కెరొలైనా సైనికోద్యోగిని ఆంగ్లేయులు ఈ యెక్స్ఛేంజి భవనముననే నిర్బంధించి, 1781 ఆగస్టు 4వ తేదీన ఉరితీసిరి. పట్టణము లోబడినపుడు రాజభక్తి పత్రముపై సంతకము చేసి, తర్వాత తమ సేనలో చేరుమని నిర్బంధింపగ తిరిగి ఆయుధము పట్టెననుట యతని నేరము. ఆ సంతకము బలవంతపుదా, ఇష్టపూర్వకమైనదా యను విషయమును విచారింపవలసియుండగ, విచారణ యనదగిన విచారణయే జరుపలేదు. ఉత్తరువు చేసిన యిద్దఱిలో నొకడు రాడన్ ప్రభువు. ఈతడే హేస్టింగ్సు ప్రభువను పేర 1813 మొదలు 1823 వఱకు హిందూదేశమునకు గవర్నరు జనరలై, హైదరాబాదు నవాబునకు అప్పులిచ్చి దోచిన పామరు కంపెనీ వ్యవహారమున అపకీర్తి మూటగట్టుకొని పోయెను. సామ్రాజ్యమునకు ఉద్యోగు లొక్కరే. ఊళ్లు మాత్రము మారుచుండును.

ఇంతవఱకు చూచి సంతోషించిన యాత్రికుడు ఇక నా భవనపు ఉత్తరపు ప్రక్కకు రావలెను. అచ్చట, బయలునేలపై, మనుష్యులను వేలము వేసిరి. స్వాతంత్ర్యమునకై తేయాకును నిలిపిన గోడలు, 1788లో సంయుక్త రాష్ట్రముల రాజ్యాంగమును ఈ రాష్ట్రము తరఫున అంగీకరించిన గోడలు, తల్లిని బిడ్డను వేఱువేఱు ఖరీదుదారుల కప్పగించు కేకలను వినినవి. స్వాతంత్ర్యప్రకటనపై ఈ రాష్ట్రము తరఫున సంతకము చేసిన రట్లెడ్జి, హేవర్డు, లించ్, మిడిల్టన్ అను నలువురును బానిసల యజమానులే. 1856లో పురపాలకసంఘము బహిరంగస్థలములలో నీ వేలములను నిషేధించెను. ధర్మబుద్ధి పుట్టుటచేత కాదు. వ్యాపార మాగలేదు, గోడలచాటునకు పోయినది. చామర్సు వీథిలో 1859లో కట్టిన వేలపు శాల నేటికిని నిలిచి, మ్యూజియముగ నున్నది. అట్టి సంత ఈ యూర లేనేలేదని వాదించిన పెద్దమనుష్యులు 20వ శతాబ్దిలోను ఉండిరి. ఉన్నదానిని లేదనువాని నోరు కట్టించుటకు నిలిచియున్న కట్టడమునకు మించిన సాక్ష్యము లేదు. పాత కట్టడములను కాపాడవలెననుటకు మేము చెప్పు కారణములలో నిది మొదటిది.

ఆ మేడల వెనుకనున్న ధనము వరి వలనను, నీలిమందు వలనను వచ్చినది. సముద్రపు పోటుపాటులనుబట్టి నీరు పెట్టి తీయుచు చిత్తడినేలలలో వరి పండించు విద్య, పశ్చిమాఫ్రికాలో తరతరములుగ వరి పండించినవారి వెంట వచ్చినది. యజమాను లా విద్యను గూడ వారి దేహములతో పాటు కొనిరి. నీలిమందు సేద్యమును 1740 ప్రాంతముల ఎలైజా లూకస్ అను యువతి అచ్చట నెలకొల్పినదని ప్రతి గైడును చెప్పును. ఎవరి చేతులు ఆ తొట్లలో నీలమయ్యెనో కొందఱే చెప్పుదురు. అమెరికా స్వతంత్రమైన పిమ్మట ఆంగ్లేయులు తమకు కావలసిన నీలిని వంగ బీహారముల రైతుచేత పండింప జొచ్చిరి. అందలి దుర్మార్గము పండి పండి 1917లో గాంధీమహాత్ముని చంపారణ్యమునకు రప్పించినది. ఒకే రంగు, రెండు ఖండముల చెమట.

1860 జనాభా లెక్కల ప్రకారము దక్షిణ కెరొలైనా రాష్ట్రమున నున్న 7,03,708 మందిలో 4,02,406 మంది బానిసలు. ఉత్తర అమెరికాకు చెఱపట్టి తేబడిన ఆఫ్రికావాసులలో పదింట నాలుగు వంతులు ఈ రేవునందే దిగిరని చరిత్రకారుల యంచనా. పట్టణము చేరకమునుపు వారిలో ననేకులను సలివాన్ ద్వీపమున అంటురోగుల పాకలలో నుంచిరి. వారు దిగిన స్థలమును గుర్తుచేయు చిన్న బల్లయైన త్రోవ ప్రక్కన లేదని నవలారచయిత్రి టోనీ మారిసన్ 1989లో వాపోయెను. 2008లో ఆ ద్వీపమున నొక బల్ల వేసిరి. మారిసన్ గారును వచ్చి దానిపై కూర్చుండిరి. పట్టణములోని గాడ్స్‌డెన్ రేవుగట్టు సంగతి యింతకంటె చిత్రము. ఆ గట్టును కట్టించిన క్రిస్టఫర్ గాడ్స్‌డెన్, చుట్టచుట్టుకొన్న పాము బొమ్మతో తన్ను త్రొక్కవద్దని హెచ్చరించు ప్రసిద్ధమైన స్వాతంత్ర్యపతాకను కల్పించినవాడు. 1808 జనవరి 1వ తేదీతో విదేశపు బానిసల దిగుమతి చట్టవిరుద్ధము కానున్నదని యెఱిగి, అంతకు ముందు నాలుగైదేండ్లలో వర్తకులు సుమారు 40,000 మందిని ఈ రాష్ట్రమునకు దింపిరి. 1806 నుండి ఆ యోడలకు నియమింపబడిన స్థలము ఈ గట్టే.

ఈ పట్టణమున మా మనస్సును కలచునది పెద్ద కట్టడము కాదు, ఇటుక. పాత గోడలను చేరువనుండి చూచినచో కొన్ని యిటుకలపై వ్రేళ్ల గుర్తులు కనబడును. పచ్చి యిటుకలను ఎండలో త్రిప్పివేయునపుడు పడిన గుర్తులవి. వానిలో పసివారి వ్రేళ్లును గలవు. పేర్లు వ్రాసికొన నక్షరము నేర్పినచో శిక్షించు చట్టము లుండిన దేశమున, వ్రాయనేరని బిడ్డలు చేసిన నిశానీలవి. వ్రేలిముద్ర యెంత బలవత్తరమైన సాక్ష్యమో కచేరీల నెఱిగినవారి కెల్ల తెలియును.

ఓడరేవు నడుమనున్న సంటరు కోటకు పడవలో పోవుట యాత్రికులకు వాడుక. 1860 డిసెంబరు 20వ తేదీన ఈ పట్టణమున కూడిన సభ సంయుక్త రాష్ట్రములనుండి విడిపోవుచున్నామని తీర్మానించెను. 1861 ఏప్రిలు 12వ తేదీ వేకువజామున ఆ కోటపై గుండ్లు కురిసి అంతర్యుద్ధ మారంభమయ్యెను. గుండ్ల లెక్కలును సేనాపతుల పేర్లును యాత్రికునకు కావలసినన్ని దొరకును. మే మింకొక యోడను గూర్చి చెప్పదలచితిమి. 1862 మే 13వ తేదీ తెల్లవారకమునుపు, ప్లాంటరు అను సైనికపు టోడను నడపు రాబర్టు స్మాల్సు అను బానిస, తెల్ల యధికారులు గట్టుపై నిద్రించుచుండగ, తన కుటుంబమును మఱికొందఱిని ఎక్కించుకొని, కెప్టెను టోపీ పెట్టుకొని, ఆ సంటరు కోట యెదుట వాడుకగ వేయవలసిన కూత వేయించి, కాపలావారిని భ్రమింపజేసి ఓడను ఉత్తరపువారి నౌకాదళమున కప్పగించెను. కాలక్రమమున ఆతడు అమెరికా కాంగ్రెసులో సభ్యుడయ్యెను. తన్ను బానిసగ నుంచుకొన్న యజమాని యింటినే తాను కొనెను. పడవ కోటను సమీపించునపుడు పిల్లలకు చెప్పదగిన కథ యిది.

ఆ యుద్ధమున దక్షిణపు రేవులను ఉత్తరపువారు దిగ్బంధింపగ, మాంచెస్టరు మగ్గములకు ప్రత్తి కఱవై, మన గుంటూరు సీమ ప్రత్తికి ధర లెగసి కాకినాడ రేవు పెరిగినది. ఆ ధరలు దిగిన పిమ్మట మన రైతుకు మిగిలిన దేమను విచారణకు ఇది చోటు కాదు.

హాంప్టన్ ఉద్యానమునకు గైడులు సాధారణముగ తీసికొనిపోరు. పూర్వమది గుఱ్ఱపుపందెముల మైదానము. యుద్ధపు చివరి సంవత్సరమున అచ్చట ఉత్తరపు సైనికులను ఆరుబయట చెఱబెట్టగ, 257 మంది ప్రాణములు విడిచిరి. వారిని పందెపు మండపము వెనుక గుంటలో పూడ్చిరి. పట్టణము విడుదలయైన పిమ్మట, నిన్నటివఱకు బానిసలుగ నున్నవారు ఆ శవములను త్రవ్వితీసి వేర్వేరు సమాధులు చేసి, చుట్టును కంచె కట్టి, 1865 మే 1వ తేదీన పదివేలమంది పూలు పట్టుకొని ఊరేగింపుగ వచ్చిరి. ఆ ఊరేగింపునకు ముందు మూడువేలమంది బడిపిల్లలు నడచిరి. యుద్ధమృతుల స్మారకదినమును అమెరికాలో మొట్టమొదట జరిపినవారు వీరేయని 20వ శతాబ్ది చివర డేవిడ్ బ్లైట్ అను చరిత్రకారుడు పాత కాగితములలో కనుగొని చెప్పువఱకు ఈ సంగతి లోకమున కేమియు తెలియదు. పదివేలమంది నడచిన యూరేగింపును ఊరంతయు మఱచిపోవుట యెట్లు సాధ్యము? మఱపు దానంతట నది రాదు. దానిని గూడ కట్టవలెను, రాతితోను కంచుతోను.

అట్లు కట్టినదే కల్హూన్ విగ్రహము. జాన్ కల్హూన్ అమెరికాకు ఉపాధ్యక్షుడుగ నుండినవాడు. బానిసత్వము కీడు కాదు, మేలే యని 1837లో సెనేటుసభలో వాదించినవాడు. ఆతడు చనిపోయినది 1850లో. మేరియన్ మైదానమున ఆతని విగ్రహము మొదట నిలిచినది 1887లో. అది జనులకు రుచింపకపోగా, నూఱడుగులకు మించిన స్తంభముపై రెండవది నిలిచినది 1896లో. ఈ తేదీలను గమనింపుడు. 1877లో కేంద్రసేనలు దక్షిణమును విడిచిపోయినవి. 1895లో దక్షిణ కెరొలైనా క్రొత్త రాజ్యాంగము వ్రాసికొని నల్లవారి వోటును ఊడబెఱికినది. 1896లో, ఆ విగ్రహము నిలిచిన యేటనే, జాతులను వేఱు చేయుట న్యాయమేయని అమెరికా అత్యున్నత న్యాయస్థానము ప్లెస్సీ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. దస్తావేజునందు వర్ణింపబడిన కాలము వేఱు, దస్తావేజు వ్రాసిన తేదీ వేఱు. విగ్రహము తాను చూపించు మనిషిని గూర్చి కంటె, తన్ను నిలిపినవారిని గూర్చి ఎక్కువ సాక్ష్యము చెప్పును. చారిత్రక చిహ్నమును చూడబోవు ప్రతివాడును పీఠము క్రింద మొదట వెదకవలసినది అది నిలిపిన సంవత్సరము.

ఆ మైదానమునకు దాపుననే కల్హూన్ పేరిటి వీథిలో ఇమాన్యుయేల్ దేవాలయ మున్నది. నల్లవారు తెల్లవారి పెత్తనమును విడిచి తమకై తాము కట్టుకొన్న క్రైస్తవసంఘ మది. 1822లో, లాటరీలో వచ్చిన ధనముతో తన స్వేచ్ఛను కొనుక్కొన్న డెన్మార్కు వీసీ అను వడ్రంగి, బానిసల తిరుగుబాటునకు కుట్రపన్నెనని రహస్యవిచారణ జరిపి, ఆతనిని జూలై 2వ తేదీన ఉరితీసిరి. మొత్తము 35 మంది ఉరికంబ మెక్కిరి. సంఘపు ప్రార్థనామందిరమును కూలద్రోసిరి. ఆ భయముచేతనే మైదానపు టంచున ఆయుధాగారము కట్టిరి. అది 1842లో సిటడెల్ అను సైనిక కళాశాల యయ్యెను. కళాశాల తర్వాత వేఱొక చోటికి పోయినది. పాత కట్టడము నేడొక హోటలు. అందు బసచేయువారిలో నెందఱికీ సంగతి తెలియునో! వీసీకి ఒక విగ్రహము నిలుపుటకు సుమారు 18 ఏండ్ల పోరాటము పట్టి, 2014లో హాంప్టన్ ఉద్యానమున నిలిచినది. 2015 జూన్ 17వ తేదీ రాత్రి, బైబిలు చదువుకొనుటకు ఇమాన్యుయేల్ దేవాలయమున కూడినవారితో నొక తెల్లయువకుడు వచ్చి కూర్చుండి, చివరకు తుపాకి తీసి తొమ్మండుగురను చంపెను. వారిలో ఆ దేవాలయపు పాదిరియు రాష్ట్ర సెనేటరునగు క్లెమెంటా పింక్నీ గారొకరు. తరువాతనే, జూలై 10వ తేదీన, కొలంబియాలోని రాష్ట్ర శాసనసభ ముంగిట నెగురుచుండిన విభజనవాదుల పతాకము దిగినది. కల్హూన్ దిగుటకు మఱి యైదేండ్లు పట్టినది. పురపాలకసంఘ మేకగ్రీవముగ తీర్మానింపగ 2020 జూన్ 24వ తేదీన ఆతనిని దించిరి.

విగ్రహములను తొలగించుట చరిత్రను తుడిచివేయుటయే యని కొందఱు వాదింతురు. ఈ వాదము మనకు పాతదే. 1857లో మనవారిని నిర్దాక్షిణ్యముగ చంపిన నీలు దొర విగ్రహము చెన్నపురి మౌంటురోడ్డున నిలిచియుండగ, 1927లో స్వచ్ఛందసేవకులు సత్యాగ్రహము సలిపి చెఱసాలలకు పోయిరి. 1937లో అది వీథినుండి తొలగి, పిదప మ్యూజియము చేరినది. నీలు చేసిన పని చరిత్రనుండి తొలగినదా? లేదు, వీథిలో మ్రొక్కించుకొనుట మాత్రము మానినది. వీథి గౌరవమునకు చోటు, మ్యూజియము విచారణకు చోటు. కల్హూను విషయమున మా కింతకంటె వేఱు న్యాయము తోచదు.

మా వృత్తివారి కొక తీర్థము గూడ ఈ యూర నున్నది. బ్రాడ్, మీటింగు వీథులు గలియు కూడలిలోని కేంద్ర న్యాయస్థానమున వేటీస్ వారింగ్ అను న్యాయమూర్తి కూర్చుండెను. ఎనిమిది తరములుగ నా పట్టణమందే యున్న కుటుంబము; తండ్రి విభజనవాదుల సేనలో పనిచేసినవాడు. 1951లో క్లారెండన్ జిల్లా నల్లవారు తమ పిల్లల బడుల విషయమై తెచ్చిన వ్యాజ్యము ముగ్గురు న్యాయమూర్తుల ముందు విచారణకు వచ్చెను. వాది పక్షమున థర్గుడ్ మార్షల్ వాదించెను. ఇద్దఱు న్యాయమూర్తులు వేఱు బడులు న్యాయమే యనిరి. వారింగ్ ఒక్కడే, వేఱు చేయుటయే అసమానత యని భిన్నమైన తీర్పు వ్రాసెను. బాల్యమిత్రులు పలుకరించుట మానిరి. ఇంటిపై రాళ్లు పడినవి. 1952లో ఆయన పదవి విరమించి పుట్టినయూరు విడిచి న్యూయార్కు చేరెను. 1954 మే 17వ తేదీన అత్యున్నత న్యాయస్థానము ఆయన చెప్పినదే చట్టమని చెప్పినది. 1968లో ఆయన దేహము స్వగ్రామము చేరినపుడు వెంట నడచినవారు మిక్కిలిగ నల్లవారే. ఆ న్యాయస్థాన భవనమునకు ముందు హాలింగ్స్ అను సెనేటరు పేరుండెను. ఆయనయే తన పేరు తీసి వారింగ్ పేరు పెట్టుడని కోరగా 2015లో నట్లు చేసిరి. తన పేరు తానే గోడమీదినుండి తీయించుకొన్న రాజకీయవేత్తను మే మింతవఱకు మఱియొకనిని వినలేదు.

ఊరి వెలుపలి ప్లాంటేషనుల సంగతి చెప్పి ముగింతుము. ఓకు చెట్ల బాటలు, పూలతోటలు, తెల్లని స్తంభముల యిండ్లు. వివాహములు జరుపుకొనుటకు అచ్చటికి దూరదూరములనుండి పోవుచున్నారు. పెండ్లి యెవరి యిష్టము వచ్చిన చోట వారు చేసికొనవచ్చును. కాని మనుష్యులను కొరడాలతో పనిచేయించిన ముంగిట మంగళవాద్యములు మ్రోయించుటకు మన తెలుగువారికి మనసొప్పదని నమ్మెదము. జేమ్సు ద్వీపమందలి మెక్లౌడ్ క్షేత్రమును 2015లో జిల్లా ఉద్యానశాఖవారు తెఱచినపుడు, అచ్చటి పెద్దయింటి కుర్చీలను గూర్చి కంటె, బాట ప్రక్కనున్న ఆఱు చిన్న కొయ్యగుడిసెలను గూర్చి చెప్పుటకు నిశ్చయించిరి. ఆ గుడిసెలలో 1990 వఱకును జనులు నివసించిరి. వినోదమునకు వచ్చిన మాకు దుఃఖము చెప్పుచున్నారని అట్టి చోట్ల అలుగువా రున్నారట. అలుగనిండు. పట్టణములోనే యున్న ఎయికెన్ రెట్ మేడలోను వెనుకటి బానిసల వసతిని ఉన్నదున్నట్లు నిలిపియుంచిరి. 2018 జూన్ 19వ తేదీన పురపాలకసంఘము బానిసత్వమున తన పాత్రకు క్షమాపణ చెప్పుకొనెను. ఏడుగు రనుకూలము, అయిదుగురు ప్రతికూలము. అంత సన్నని మెజారిటీపై నిలిచియున్నది ఈ నూతన దృష్టి.

అందుచేతనే మే మీ విషయమును ఇంతగ వ్రాయవలసివచ్చినది. 2025 మార్చిలో అమెరికా అధ్యక్షుడు, కేంద్రప్రభుత్వపు స్మారకస్థలములలో గతించిన అమెరికనులను అనుచితముగ కించపఱచు వ్రాతలు ఉండరాదని ఉత్తరువు చేసెను. సంటరు, మౌల్ట్రీ కోటలు కేంద్రప్రభుత్వపు జాతీయోద్యానశాఖ క్రిందివే. ఏది అనుచితమని నిర్ణయించు నధికారము అధికారుల చేతిలో పెట్టినచో, బోర్డుమీది వాక్యము ఎప్పుడు మాయమగునో చెప్పలేము. బోర్డు తీయవచ్చును, అడుగువాని నోటినుండి ప్రశ్నను తీయుట కష్టము. అడుగువారు లేకపోయినచో మాత్రము మాన్పవలసిన పనియే యుండదు.

పరదేశపు జగడము మన కేల యందురా? 1923లో భగత్ సింగ్ తిండ్ వ్యాజ్యమున హిందూదేశీయులు అమెరికా పౌరులగుట కర్హులు కారని అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. 1946లో ఆ యర్హత యిచ్చిరి గాని ఏడాదికి నూఱుమందికి మాత్రమే ప్రవేశ మనిరి. 1965 నాటి చట్టము జాతినిబట్టి తలుపు మూయుట మాన్పినది. నేడు అట్లాంటాలో తెలుగు వినబడుటకు ఆ చట్టము మూలము. ఆ చట్టము ఆకాశమునుండి ఊడిపడలేదు. దక్షిణపు వీథులలో నల్లవారు దెబ్బలు తిని నడపిన పౌరహక్కుల యుద్యమము గాలిలో నది పుట్టినది. చార్లెస్టన్‌లో ఫొటో తీసికొను తెలుగువాడు తనకు తెలియకయే ఆ వ్రేళ్ల గుర్తులవారికి ఋణపడియున్నాడు.

గాడ్స్‌డెన్ రేవుగట్టుపై, ఇరువది యేండ్లకు పైబడిన ప్రయత్నము తర్వాత, 2023 జూన్ 27వ తేదీన ఆఫ్రికా సంతతి అమెరికనుల అంతర్జాతీయ మ్యూజియము తెఱువబడినది. భవనమును స్తంభములపై నెత్తి నిలిపి, ఓడలు దిగిన నేలను ఖాళీగ విడిచిరి. ఆ నేలపై, ఓడ క్రిందియరలో మనుష్యులను పేర్చిన తీరున మనిషి యాకృతులు పఱచి, నీరు వానిని ముంచుచు విడుచుచునుండునట్లు చేసిరి. అచ్చటి తెలుగుసంఘములవారు యాత్రలు నడపునపుడు బండిని మొదట అచ్చట ఆపవలెనని మా మనవి. రంగుల మేడలు మధ్యాహ్నమునకును ఉండును.